మెస్ వెనక పోయిన మూడు డబ్బాల నూనె

మారతహళ్ళిలో మన మెస్‌కి వచ్చే అందరికీ నమస్కారం.

పోయిన ఆదివారం రాత్రి వంటింటి వెనక పెట్టిన మూడు డబ్బాల నూనె ఎవరో ఎత్తుకుపోయారు. కొత్త నూనె కాదు, మిరపకాయ బజ్జీలు, అప్పడాలు వేయించి వంపేసింది. "పారబోసేదేగా, పోతే పోనీ అక్కా" అని మీలో కొందరు ఓదార్చారు. పారబోసేదైతే దొంగెందుకొస్తాడు? బయోడీజిల్ చేసేవాళ్లు దాన్ని కిలో లెక్కన కొంటారు. అలా పోతే నాకు బాధ లేదు. వడకట్టి, మంచి నూనెలో కలిపి లూజుగా అమ్మేవాళ్లూ ఉన్నారు. అదే నా భయం.

ఆ నూనె ఎలా ఉంటుందో నాకు తెలుసు. డికాషన్ రంగు తిరిగి ఉంటుంది. పొయ్యి మీద పెట్టిన కాసేపటికే పొగ, బజ్జీ వేస్తే కనపడనంత నురగ. అడుగు మడ్డి గరిటెకి జిగురులా పడుతుంది. నూనెలో పోలార్ కాంపౌండ్లు, అంటే నూనె మళ్లీ మళ్లీ కాగితే పుట్టే చెడు పదార్థాలు, 25 శాతం దాటితే వంటకి వాడకూడదని 2018 జూలై నుంచి తిండి భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్. మేం మీటరు పెట్టి చూసి, 22 దగ్గరే దించేస్తాం. పిల్లలు తినే తిండి కదా.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఏడాది క్రితం దాకా స్కూటర్ మీద వచ్చే ఒకతనికి ఈ నూనె నేనే అమ్మేదాన్ని. చేతిలో డబ్బు పెట్టేవాడు, బిల్లు లేదు. ఎక్కడికి తీసుకెళ్తావని ఒక్కసారీ అడగలేదు. రోజుకి 50 లీటర్లు దాటి వాడే హోటళ్లే లెక్కలు రాయాలట, మనకెందుకులే అనుకున్నాను. ఒకరోజు ఖాళీ డబ్బాలు కూడా ఇమ్మన్నాడు, లేబుల్ చిరగకుండా, మూతతో సహా. వాటిలో ఈ పాత నూనే నింపి కొత్తదని అమ్ముతాడేమోనని గుండె గుభేలుమంది. ఆ రోజే మానేశాను. అంతకుముందు ఇచ్చిందంతా ఎవరి కడుపులోకి పోయిందో! తప్పు నాదే, క్షమించండి.

స్టేషన్‌లో కంప్లెయింట్ ఇచ్చాం. వాడిన నూనె ఇప్పుడు లోపలి గదిలో, తాళం వేసి ఉంచుతున్నాం. బయోడీజిల్‌కి పంపే లైసెన్సున్న వాళ్లు గురువారం వచ్చి తూకం వేసి తీసుకెళ్తారు. వాళ్లిచ్చే రసీదు కౌంటర్ పక్కన అంటిస్తాను. నూనె తొందరగా మారుస్తున్నాం కాబట్టి బజ్జీ ప్లేటు మీద 5 రూపాయలు పెంచక తప్పలేదు.