కింద నిలబడే మనిషికీ నేర్పించండి

గౌరవనీయులైన తెలంగాణ కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను మేడ్చల్ వైపు గోదాముల్లో లైట్లు, కేబుల్ ట్రేలు బిగించే ఎలక్ట్రీషియన్‌ని. ఒకప్పుడు పరంజా కట్టుకునో, ఇద్దరు నిచ్చెన పట్టుకుంటేనో ఎక్కేవాళ్లం. ఇప్పుడు చాలా సైట్లలో ప్లాట్‌ఫామ్ మీద మనిషిని పైకి లేపే సిజర్ లిఫ్ట్ మిషన్ అద్దెకు తెస్తున్నారు. మాల్స్‌లో ఏసీ డక్టులకూ, షెడ్లలో పెయింటింగ్‌కూ అదే. విమానంలోకి భోజనాలు ఎక్కించే లారీ డబ్బా కింద కూడా ఇవే కత్తెర కాళ్లు.

ఆ మిషన్ మీద నాకు ఫిర్యాదు లేదు. అడ్డంగా పెనవేసిన ఇనుప కాళ్లను ఆయిల్ ప్రెషర్‌తో సిలిండర్ నెడుతుంది. అవి నిటారవుతుంటే ప్లాట్‌ఫామ్ తిన్నగా పైకి లేస్తుంది. మిషన్ మీద 1932 అని ఉంటే మొదట్లో తయారైన సంవత్సరం అనుకున్నాను! 19 అడుగుల ఎత్తు, 32 అంగుళాల వెడల్పు అని తర్వాత తెలిసింది. తలుపులో పట్టేంత వెడల్పు మీద, దాదాపు రెండంతస్తుల ఎత్తున మనిషిని నిలబెడుతుందన్న మాట. నేల ఏ మాత్రం వాలుగా ఉన్నా ప్రమాదమే.

దిగేటప్పుడు పంపుతో పని లేదు. వాల్వ్ తెరుచుకుంటే ప్లాట్‌ఫామ్ తన బరువుకే దిగుతుంది. కానీ ఆ వాల్వ్ తెరుచుకోవాలంటే కరెంటు ఉండాలి. పోయినేడాది ఒక గోదాములో నేను పైన ఉండగా బ్యాటరీ పూర్తిగా డౌన్ అయింది. అలాంటప్పుడు దించడానికే మిషన్ అడుగున చేత్తో లాగే పిడి ఉంటుంది. అది ఎక్కడుందో హెల్పర్‌కు తెలియదు, సూపర్‌వైజర్‌కూ తెలియదు. "వెనకవైపు చూడు తమ్ముడూ" అని పైనుంచి అరుస్తున్నాను గానీ, నిజానికి నాకూ తెలియదు. ముప్పావు గంటకు మెకానిక్ ఫోన్‌లో చెబితే దొరికింది. లాగగానే దిగాను.

ఇంకో సైట్లో బీప్ బీప్‌మంటున్న అలారం వైరు పీకేశారు. మిషన్ ఒరుగుతోందని చెప్పే అలారం అది. చెవులు పోతున్నాయన్నాడు కాంట్రాక్టర్.

కారు నడపాలంటే లైసెన్సు అడుగుతారు. మాకు మాత్రం జాయ్‌స్టిక్ చేతికిచ్చి పొమ్మంటున్నారు. నిర్మాణాల మీద ఒక శాతం సెస్ కార్మికుల సంక్షేమం కోసమే వసూలు చేస్తున్నారు కదా. మాదాపూర్‌లో నిర్మాణ పనులు నేర్పే న్యాక్ సంస్థ ఉంది. సైట్ల దగ్గరికే వచ్చి ఒక రోజు శిక్షణ ఇచ్చేలా చూడండి, ఎక్కేవాడితో పాటు కింద నిలబడేవాడికి కూడా. ఆ రోజు కూలి మాత్రం ఇప్పించాలి, లేకపోతే ఎవరూ రారు.

మరొకటి. మిషన్ల మీద స్టిక్కర్లు ఇంగ్లిష్‌లో ఉంటున్నాయి. మా హెల్పర్లలో ఒడిశా, బిహార్ కుర్రాళ్లు చాలామంది. ఆ పిడి ఎక్కడుందో బొమ్మ వేసి, తెలుగు, హిందీ, ఒడియాల్లో రాసి అతికించాకే మిషన్ అద్దెకివ్వాలని ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
ఒక ఎలక్ట్రీషియన్,
మేడ్చల్