ముందు ఆ తూములో చెత్త తీయండి

సంపాదకులకు నమస్కారం.

విశాఖలో జాతీయ రహదారి మీద ఫ్లైఓవర్, దానిపైన మెట్రో కలిపి డబుల్ డెక్కర్‌గా కట్టే ప్రతిపాదన గురించి మీ పత్రికలో వరసగా చదువుతున్నాను. మధురవాడ నుంచి తాటిచెట్లపాలెం దాకా సుమారు 15 కిలోమీటర్లు. స్తంభాలు ఎక్కడ వస్తాయి, స్టేషన్ ఏ వీధికి దగ్గర, ఎవరి స్థలానికి ధర పెరుగుతుంది అన్న చర్చ జోరుగానే నడుస్తోంది. ఆ దారిలోనే హనుమంతవాక దాటాక ఒక పక్క కంబాలకొండ అభయారణ్యం, మరో పక్క జంతు ప్రదర్శనశాల ఉన్నాయి. అక్కడ రాత్రిపూట రోడ్డు దాటే జంతువుల మాట మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు.

నేను ఎండాడ వైపు ఉంటాను. ఉద్యోగం నుంచి దిగిపోయాక తెల్లవారుజామున నడక అలవాటైంది. కిందటి వానాకాలంలో ఒకరోజు డివైడర్ పక్కన ముళ్లపంది చచ్చిపడి ఉంది. చిన్నప్పుడు మా ఊళ్లో ఏదుపంది అనేవాళ్లం. నలుపు తెలుపు ముళ్లు రోడ్డంతా చెదిరిపోయాయి. డివైడర్ అడుగున బురద పాదాల గుర్తులు ఇరవై అడుగుల దాకా ముందుకు వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చాయి. సందు కోసం గోడ వెంట వెతికిందన్నమాట. ఆటో నడిపే కుర్రాడొకడు బండి ఆపి రెండు ముళ్లు ఏరి జేబులో పెట్టుకున్నాడు. ఎందుకని అడిగితే, ఇంట్లో ఉంటే మంచిదట.

అక్కడికి వంద అడుగుల దూరంలోనే రోడ్డు కింద తూము ఉంది. కొండ మీది వాన నీరు అవతలికి పోవడానికి కట్టినది. ఏదుపంది సులువుగా నడిచిపోగలిగినంత పెద్దది. వంగి చూశాను. కొబ్బరి బోండాలు, థర్మకోల్ పళ్లేలు, ఎవరో ఇల్లు పడగొట్టిన పెళ్లలు, మధ్యలో దూది బయటికొచ్చిన పరుపు. అవతలి వెలుతురు కనిపించలేదు. జంతువు తూములోకి దిగాలంటే అటు చివర వెలుతురు కనబడాలి. లేకపోతే అది దానికి దారి కాదు, బొరియ.

ప్రభుత్వ కార్యాలయాలకు ఫోన్లు చేశాను. తూము ఒకరిదట, అందులోని చెత్త మరొకరిదట, చచ్చిన జంతువు ఇంకొకరిదట. ముగ్గురూ మర్యాదగానే మాట్లాడారు.

ఈ అడవి రెండు ముక్కలు కావడం జంతువుల తప్పు కాదు. ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉన్న ఈ కొండలు 1970 నుంచి అటవీ శాఖ చేతిలో ఉన్నాయి. 1977లో మొదలైన జూ 625 ఎకరాలూ ఈ అడవిలోనివే. రోడ్డు కొండకూ సముద్రానికీ మధ్య నుంచి పోయింది. చుక్కల దుప్పి, నక్క, అడవిపంది, అలుగు, కొండచిలువ తమ పాత దారినే వస్తాయి. సాయంత్రం తారు వేడికి పాములు రోడ్డు మీదికి పాకుతాయి. చచ్చిన కుక్కను తినడానికి వచ్చిన నక్క తర్వాతి లారీ కింద పడుతుంది. కళేబరాన్ని తెల్లవారేలోపు తీసేస్తే ఆ నక్క అయినా బతుకుతుంది. ఇక కారు ఆపి కోతులకు అరటిపండ్లు విసిరేవారు పుణ్యం మూటగట్టుకుంటున్నామనుకుంటారు. ఆ కోతి పిల్లను పొట్టకు హత్తుకుని రేపు కూడా అదే చోటికి, అదే టైర్ల మధ్యకు వస్తుంది.

శ్రీశైలం దారిలో మన్ననూరు దగ్గర అడవి జంతువుల కోసం రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు గేటు వేసేస్తారు. చెన్నై–కోల్‌కతా లారీలు నడిచే మా ఈ 16వ నంబరు రహదారికి గేటు వేయమని నేను అడగను. నాగపూర్ దగ్గర చేసిన పని చూడమంటున్నాను. పెంచ్ పులుల అడవి మీదుగా 44వ నంబరు రహదారిని నాలుగు వరసలు చేసినప్పుడు, మహారాష్ట్ర వైపు తొమ్మిది చోట్ల జంతువులు కింద నుంచి వెళ్లేలా రోడ్డును పైకి లేపారు. 2019లో భారత వన్యప్రాణి సంస్థ అక్కడ కెమెరాలు పెడితే పులితో సహా 18 రకాల అడవి జంతువులు ఆ దారిన నడవడం కనిపించింది. అదే రహదారి మన ఆదిలాబాద్ మీదుగా హైదరాబాద్ వస్తుంది. కాబట్టి మన ఇంజనీర్లకు ఇది తెలియని విద్య అని అనుకోను.

మనుషులే చస్తుంటే ఈ జంతువుల గొడవ ఏమిటని మా ఇంట్లోనే అడిగారు. రాత్రి పదకొండింటికి స్కూటర్ మీద వస్తూ అడవిపందిని గుద్దినవాడిని అడగండి, అడగడానికి మిగిలితే.

మెట్రోకు రోడ్డు తవ్వేది ఎలాగూ తప్పదు. ఆ తవ్వకంలోనే హనుమంతవాక, ఎండాడల మధ్య తూములను వెడల్పు చేయవచ్చు. వాన నీరు పారేటప్పుడు కూడా జంతువు నడిచేలా గోడ వెంట జానెడు గట్టు వేయవచ్చు. రోడ్డు వెంట కంచె వేసి జంతువులను తూము నోటి దాకా నడిపించాలి. దుప్పులకు ఎత్తయిన కంచె, తాబేళ్లకు దాని అడుగున సన్న రంధ్రాల వల. కంచె లేకుండా ఎంత మంచి తూము కట్టినా వాటికి దాని జాడ తెలియదు. తూము నోటి మీద దీపస్తంభం పెట్టవద్దు, వెలుగు రోడ్డు మీదికే తిప్పాలి. ఇవి ఇప్పుడే నక్షాలో గీయకపోతే స్తంభాలు లేచాక ఎవరూ గీయరు.

నక్షాలు, టెండర్లు అయ్యేదాకా ఎన్నేళ్లు పడుతుందో ఏమో. చెత్త తీయడానికి మాత్రం ఒక లారీ, నలుగురు మనుషులు, ఒక పూట చాలు. వానలకు ముందే తీస్తే మురుగు రోడ్డెక్కే బాధ కూడా తప్పుతుంది. ఆ తూము చూపించమంటే ఏ తెల్లవారుజామునైనా వస్తాను. పెళ్లలు కొన్ని పక్కకు లాగాను. పరుపు మాత్రం తడిసి బరువెక్కి ఉంది, నా ఒక్కడి వల్ల కాలేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎండాడ, విశాఖపట్నం