పెట్టెల్లో మగ్గుతున్న బొంతలు

సంపాదకులకు నమస్కారం.

వాడని బట్టలు, పుస్తకాలు, పిల్లల బొమ్మలు ఎవరికైనా ఇద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది గానీ, సగం కుట్టి పక్కన పెట్టేసిన బొంత కూడా మరొకరి చలి తీర్చగలదన్న సంగతి మనకు తట్టదు. కుట్టుపని తెలిసినవారున్న ఇళ్లలో బీరువా అడుగునో అటక మీదో అలాంటి మూట ఒకటి తరచుగా కనిపిస్తుంది. గుడ్డ ముక్కలు కత్తిరించి ఉంటాయి, కొన్ని అతికి ఉంటాయి, దారపు ఉండ కూడా అందులోనే ఉంటుంది. ఆ మూటలు విప్పి పూర్తిచేసి, అవసరమున్నవారికి చేర్చమని సాటి పాఠకులను కోరడానికీ, అలా ఇచ్చేటప్పుడు నేను చేసిన పొరపాట్లు ఇంకొకరు చేయకుండా చెప్పడానికీ ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా మూట 11 ఏళ్లు పెట్టెలో ఉంది. మా అమ్మాయి మంచానికి సరిపోయేలా 12 అంగుళాల చదరాలు 30 కుట్టి, వరసకు అయిదు చొప్పున ఆరు వరసలు వేయాలని మొదలుపెట్టాను. పదిహేడు పూర్తయ్యాక నేల మీద పరిచి చూస్తే అంచులు ఒకదానితో ఒకటి కలవలేదు. మొదట్లో కుట్టినవాటికి కుట్టు లోపలి మార్జిను, అంటే కుట్టుకూ గుడ్డ అంచుకూ మధ్య వదిలే చోటు, సరిగ్గా పావు అంగుళం రాలేదు. ఒక్కో అతుకు దగ్గర నూలుపోగంత తేడా వచ్చినా, చదరం పూర్తయ్యేసరికి అది పావు అంగుళానికి చేరింది. అన్నీ విప్పి మళ్లీ కుట్టాలనుకున్నాను. ఆ ‘మళ్లీ’ దగ్గరే పని ఆగిపోయింది. అమ్మాయి చదువు ముగించుకుని ఉద్యోగానికి వెళ్లిపోయింది, ఆ మంచం ఇప్పుడు ఇంట్లో లేదు, మూట మాత్రం కదలలేదు.

తీరిక లేకనే ఇవి ఆగిపోతాయని అందరమూ చెప్పుకుంటాం. అసలు కారణం అది కాదని నా నమ్మకం. ఎవరి కోసం మొదలుపెట్టామో వారి అవసరం తీరిపోయినా, మొదట అనుకున్న కొలతనూ నమూనానూ వదులుకోలేకపోతాం. నేను వాటిని వదులుకున్న రోజున పని రెండు వారాల్లో ముగిసింది. పెద్ద చదరాలను చిన్నవాటి కొలతకు కోసేశాను. పన్నెండింటిని మూడేసి చొప్పున నాలుగు వరసలుగా పేర్చి, నడుమ సన్నని సాదా పట్టీ వేస్తే సుమారు 36 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు వచ్చింది. మిగిలిన అయిదింటిని వరసగా అతికి వెనక గుడ్డ మధ్యలో నిలువుగా వేయడంతో, వెడల్పు చాలని ఆ గుడ్డ కూడా సరిపోయింది. అది మంచానికి చాలదు. కానీ చక్రాల కుర్చీలో కూర్చునే పెద్దవారి ఒడిలో, మోకాళ్ల మీద చక్కగా ఇముడుతుంది.

ఈ కొలత నేను ఊహించి పెట్టుకున్నది కాదు. వృద్ధులను చూసుకునే ఒక ఆశ్రమానికి ముందే ఫోన్ చేసి అడిగితే, పెద్ద బొంతలు చక్రాల్లో పడి చిక్కుకుంటున్నాయని, చిన్నవి ఉంటే ఇవ్వమని వారే చెప్పారు. కుట్టడం మొదలుపెట్టకముందే, లేదా ఆగిన పనిని తిరిగి చేపట్టకముందే, తీసుకునేవారిని అడగడం ఎంత అవసరమో నాకు అప్పుడు తెలిసింది. కొన్నిచోట్ల బట్టలన్నీ వేడినీళ్లలో, పెద్ద మిషన్లలో ఉతుకుతారు; ఉన్ని, పట్టు ముక్కలు కలిసిన బొంత ఎంత అందంగా ఉన్నా అక్కడ ఒక్క ఉతుకుకే పాడవుతుంది. కొన్నిచోట్ల పాత గుడ్డతో చేసినవి తీసుకోరు. ఇంకొన్నిచోట్ల వస్తువులు దాచుకునే స్థలమే ఉండదు.

అడగకుండా ఇచ్చి నేను ఒకసారి తప్పు చేశాను. అంచుకు ముదురు ఎరుపు గుడ్డ వేసి, ఉతకకుండానే, కొత్తగా కనిపిస్తుందన్న ఆశతో అలాగే మడిచి ఇచ్చాను. తొలి ఉతుకులోనే ఎరుపు దిగి, దానితో పాటు వేసిన తెల్ల దుప్పట్లకు కూడా అంటుకుంది. అక్కడివారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు గానీ, ఆ దుప్పట్లు ఎవరివో, వారేమనుకున్నారో అన్న బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు. అప్పటి నుంచి ప్రతి ముదురు గుడ్డనూ తడిపి తెల్లటి నూలు ముక్కతో గట్టిగా రుద్ది చూస్తున్నాను. రంగు అంటితే ఆ గుడ్డ పక్కన పెడుతున్నాను. పూర్తయిన బొంతను మా ఇంట్లో కనీసం ఒక్కసారి ఉతికి, ఆరవేసి, కుట్లన్నీ పరీక్షించాకే గడప దాటిస్తున్నాను. నూలు దూది పొర ఉతికినప్పుడు నూటికి 3 నుంచి 5 వంతుల వరకు ముడుచుకుంటుంది కాబట్టి, అసలు కొలత ఎంతో ఆ ఉతుకు తర్వాతే తెలుస్తుంది.

ఏళ్ల తరబడి పెట్టెలో ఉన్న గుడ్డకు ఇంకో పరీక్ష కూడా అవసరం. మడతల దగ్గర రెండు బొటనవేళ్లతో పట్టి లాగితే పోగులు విడిపోతున్నాయా అని చూడాలి. పాత నూలు దారాన్ని చేత్తో తెంపి చూడాలి. పుటుక్కున తెగిపోయే దారంతో కుట్టిన బొంత ఎక్కువ కాలం నిలవదు. కలరా ఉండల వాసన పట్టిన గుడ్డను చాలా రోజులు గాలికి ఆరవేసి ఉతకాలి, ఆ వాసనకు ఊపిరి అందనివారు ఉంటారు. పై గుడ్డ, దూది, వెనక గుడ్డ అనే మూడు పొరలు కదలకుండా పెట్టే పిన్నీసులను లెక్క రాసుకుని పెట్టడం నాకు అలవాటు. మొన్నటి బొంతకు 64 పెట్టి, తీసి డబ్బాలో వేస్తే 63 వచ్చాయి. ఆ ఒక్కదాని కోసం గంటసేపు అంగుళం అంగుళం తడిమితే, అంచు పట్టీ మడతలో దొరికింది.

చేత్తో సన్నని కుట్టు వేసే ఓపిక లేనివారు ఆ పనికి భయపడి ఆగిపోనక్కర్లేదు. నాలుగేసి అంగుళాలకు ఒకచోట గట్టి దారంతో మూడు పొరలూ కలిపి ముడి వేసినా బొంత నిలుస్తుంది. దూది పొర రకాన్ని బట్టి ఆ దూరం మారుతుంది. అంచుకు రెండున్నర అంగుళాల పట్టీని మధ్యకు మడిచి మిషన్ మీద కుట్టేస్తే, తరచూ ఉతికేచోట చేతికుట్టు కన్నా అదే గట్టిగా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కెనడా మహిళలు రెడ్‌క్రాస్ ద్వారా బ్రిటన్‌కు బొంతలు పంపారు. బాంబుదాడుల్లో ఇళ్లు పోగొట్టుకున్న కుటుంబాలు వాటిని కప్పుకున్నాయి. అమెరికాలో 1995లో మొదలైన ప్రాజెక్ట్ లైనస్, జబ్బుపడిన పిల్లలకు, కష్టంలో ఉన్న పిల్లలకు ఇళ్లలో చేసిన దుప్పట్లను, బొంతలను అందిస్తోంది. చేతితో చేసిన వస్తువు అపరిచితుల దగ్గరికి చేరడం కొత్త సంగతేమీ కాదు.

పిల్లల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఏడాది లోపు పసికందు నిద్రపోయే చోట వదులుగా ఉన్న బొంత, దుప్పటి ఉంచకూడదని పిల్లల వైద్యులు చెబుతారు. అది ముఖం మీదికి జరిగితే ఊపిరి ఆడదు. పసివారికి ఇవ్వదలచిన బొంత, వారు మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరిచి ఆడించడానికేనని ఒక చీటీలో స్పష్టంగా రాసి ఇవ్వాలి. దానికి బొత్తాలు, పూసలు కుట్టకూడదు.

ఫ్యాక్టరీ దుప్పట్లు ఉండగా ఈ శ్రమంతా ఎందుకని అడిగేవారున్నారు. ప్రకృతి విపత్తు వంటి సమయంలో ఒకేసారి వేల దుప్పట్లు కావలసినప్పుడు అవే సరైనవి, ఆ మాట నేను ఒప్పుకుంటాను. నేను మాట్లాడుతున్నది ఇప్పటికే గుడ్డ, దారం, కొన్ని నెలల శ్రమ పడి ఆగిపోయినవాటి గురించి. ‘దానానికే కదా’ అని వదులు కుట్లతో, కుళ్లిన గుడ్డతో ముగించి ఇవ్వడం మాత్రం నాకు సమ్మతం కాదు. మన పిల్లలకు కప్పలేని బొంతను ఇంకొకరి తల్లికి కప్పమని ఎలా ఇస్తాం?

తమరిని ఒక్కటి కోరుతున్నాను. తమ పత్రికలో నెలకొకసారి కొద్దిపాటి చోటు కేటాయించి, ఆశ్రమాలు, ఆసుపత్రులు, పిల్లల వసతి గృహాలు తమకు ఎలాంటి బొంతలు కావాలో, ఏ కొలతలో, ఎన్ని కావాలో, ఎలా ఉతుకుతారో తెలియజేసే వీలు కల్పించండి. కుట్టేవారికి ఆ నాలుగు వివరాలు చాలు. నా పెట్టెలో ఇంకో మూట ఉంది, అందులో ఆరంగుళాల చదరాలు నలభై దాకా ఉన్నాయి. వాటిని ఏ కొలతకు పేర్చాలో ఎవరైనా చెబితే మొదలుపెడతాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు