జట్టు స్పాన్సర్ల వెనుక ఎవరున్నారో ప్రజలకు తెలియాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. మాంచెస్టర్ సిటీ ఫుట్‌బాల్ క్లబ్ తన ఆర్థిక నిబంధనలను ఉల్లంఘించిందంటూ ఇంగ్లండులోని అగ్రశ్రేణి ఫుట్‌బాల్ పోటీ ప్రీమియర్ లీగ్ మోపిన అభియోగాల గురించి మన పత్రికల క్రీడా పుటల్లో అడపాదడపా చిన్న వార్తలు వస్తుంటాయి. గుంటూరు, విజయవాడల్లో అర్ధరాత్రి దాకా మేలుకొని ఆ ఆటలు చూసే కుర్రవాళ్లకు తప్ప మిగిలినవారికి అది ఎక్కడో జరిగే శ్రీమంతుల తగాదాగా కనిపించవచ్చు. కంపెనీల లెక్కలు తనిఖీ చేసే వృత్తిలో జీవితం గడిపినవాడిగా నాకు అలా అనిపించడం లేదు. ఒక జట్టుకు డబ్బు ఎవరి దగ్గర నుంచి వస్తున్నదో, ఏ పేరుతో వస్తున్నదో తెలుసుకునే హక్కు ఆ జట్టును ప్రేమించే ఊరికి ఉన్నదా లేదా అన్న ప్రశ్న ఆ వివాదం అడుగున ఉంది. ఆ ప్రశ్నతో తెలుగువారికి ఎంత సంబంధం ఉన్నదో చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

మొన్నటిదాకా అమలైన ప్రీమియర్ లీగ్ నిబంధన ప్రకారం ఒక క్లబ్ మూడేళ్లలో 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టపోకూడదు. యజమాని ఎంత సంపన్నుడైనా తన సంపద కుమ్మరించి ఆటగాళ్లను కొనిపెట్టడానికి వీలు లేకుండా చేసిన కట్టడి ఇది. అయితే స్పాన్సర్ ఇచ్చిన సొమ్ము ఆదాయం కింద జమ అవుతుంది కాబట్టి, యజమాని తనకు సంబంధించిన సంస్థ చేతనే ఎక్కువ ధరకు స్పాన్సర్ ఒప్పందం చేయిస్తే, విరాళంగా ఇవ్వరాని డబ్బు సంపాదనగా మారి లెక్కలోకి వచ్చేస్తుంది. మిర్చి యార్డులో అమ్మేవాడే తన బంధువును నిలబెట్టి పాట పాడించి, ఆ ధరను మార్కెట్ ధరగా రాయించుకున్నట్లు ఉంటుంది ఈ వ్యవహారం. మన కంపెనీల చట్టం కూడా ఇటువంటి సంబంధిత పక్షాల లావాదేవీలను 188వ సెక్షన్ కింద ప్రత్యేకంగా చూస్తుంది. అక్కడ అడిగే ప్రశ్న ఒక్కటే: సంబంధం లేని బయటివాడు ఇదే ధర చెల్లించేవాడా?

ఖతార్ యాజమాన్యంలోని పారిస్ సెయింట్ జెర్మెయిన్‌కు ఖతార్ పర్యాటక సంస్థ ఇచ్చిన ఒప్పందాన్ని యూరోపియన్ ఫుట్‌బాల్ సమాఖ్య యుయెఫా 2014లో ఈ ప్రశ్నతోనే పరీక్షించి, దాని విలువను తగ్గించి లెక్కగట్టింది. మాంచెస్టర్ సిటీ విషయంలో అభియోగం ఇంకా తీవ్రమైనది. స్పాన్సర్ సంస్థలు ఇచ్చినట్లు చూపిన సొమ్ములో కొంత నిజానికి అబుదాబి యజమానుల నుంచే వచ్చిందన్న కారణంతో 2020 ఫిబ్రవరిలో యుయెఫా ఆ క్లబ్‌ను రెండేళ్ల పాటు తన పోటీల నుంచి బహిష్కరించింది. అదే ఏడాది జులైలో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆ శిక్షను కొట్టివేసింది. కొన్ని ఆరోపణలు రుజువు కాలేదని, మరికొన్నింటికి కాలపరిమితి దాటిందని తేల్చి, విచారణకు సహకరించనందుకు కోటి యూరోల జరిమానాతో సరిపెట్టింది. తరువాత 2023 ఫిబ్రవరిలో ప్రీమియర్ లీగ్, 2009–10 నుంచి మొదలయ్యే కాలానికి సంబంధించి వందకు పైగా ఉల్లంఘనలను ఆ క్లబ్ మీద మోపింది. క్లబ్ తాను ఏ తప్పూ చేయలేదంటోంది. దోషం ఉన్నదో లేదో తేల్చవలసింది న్యాయనిర్ణేతలు కనుక ఆ జోలికి నేను పోను. పదిహేనేళ్ల కిందటి ఖాతాలను ఇంత ఆలస్యంగా తవ్వవలసి రావడమే నన్ను బాధిస్తున్నది. ఏటా ఒప్పందం కుదిరిన నాడే దానిని బహిరంగంగా మదింపు చేసి ఉంటే ఈ పెనుగులాటలో అధిక భాగం ఉండేదే కాదు.

సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి 2021 అక్టోబరులో న్యూకాజిల్ క్లబ్‌ను కొన్న తరువాత గానీ సంబంధిత సంస్థల ఒప్పందాలకు గట్టి నిబంధన పెట్టాలని ప్రీమియర్ లీగ్‌కు తోచలేదు. ఆ నిబంధనను సిటీ సవాలు చేసినప్పుడు 2024లో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పులో ఒక అంశం మా వృత్తివాళ్లకు వెంటనే అర్థమవుతుంది. యజమానులు తమ క్లబ్బులకు వడ్డీ లేకుండా ఇచ్చే అప్పులను ఈ మదింపు నుంచి మినహాయించడం చట్టవిరుద్ధమని అది చెప్పింది. వడ్డీ లేని అప్పు కూడా కానుకే కదా. స్పాన్సర్‌షిప్ పేరుతో ఇచ్చే కానుకను మాత్రమే పట్టుకొని, అప్పు పేరుతో ఇచ్చే కానుకను వదిలేసే నిబంధన న్యాయంగా నిలబడదు. లీగ్ సవరణలు చేసుకున్నాక, 2025 సెప్టెంబరులో ఇరుపక్షాలూ రాజీకి వచ్చి, ప్రస్తుత నిబంధనలు చెల్లుతాయని సిటీ అంగీకరించింది.

ఈ కట్టడులన్నీ పాత పెద్ద క్లబ్బుల ఆధిపత్యాన్ని కాపాడటానికే పెట్టారని వాదించేవారున్నారు. ఆ వాదనలో కొంత నిజం ఉన్నదని ఒప్పుకుంటాను. శిక్షల తీరు కూడా నాకు సంతృప్తికరంగా లేదు. నష్టపరిమితి దాటినందుకు ఎవర్టన్‌కు 2023 నవంబరులో పది పాయింట్లు కోసి, అప్పీలు తరువాత ఆరుకు తగ్గించి, అదే సీజనులో మరో రెండు కోశారు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు నాలుగు పోయాయి. వ్యవహారాల స్వభావం వేరన్నది నిజమే అయినా, చిన్న క్లబ్బుల శిక్ష నెలల్లో తేలిపోయి, పెద్ద క్లబ్బు విచారణ ఏళ్లకేళ్లు సాగడం చూసే అభిమానికి న్యాయం మీద నమ్మకం ఎలా కలుగుతుంది? పైగా లెక్క తప్పింది యాజమాన్యమైతే పాయింట్లు పోయింది మైదానంలో చెమటోడ్చిన ఆటగాళ్లకు.

ఇక మన సంగతికి వస్తాను. ఇంగ్లండులో కనీసం అడిగేవారున్నారు. అడిగేవారు లేని చోట ఏం జరుగుతుందో హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ జట్టు చూపించింది. ఆర్థిక ఇబ్బందులతో పుణె క్లబ్ మూతపడగా 2019లో దాని స్థానంలో పుట్టిన ఈ జట్టు, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచింది. ఏడాది తిరిగేసరికి జీతాల బకాయిల వార్తలు మొదలయ్యాయి. ఆటగాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు, కొత్త ఆటగాళ్ల నమోదుపై ఫిఫా నిషేధం పెట్టింది, 2023–24లో ఒకే ఒక్క విజయంతో జట్టు అట్టడుగున నిలిచింది. యాజమాన్యం చేతులు మారింది, 2025లో జట్టు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయింది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ వంటి శిక్షకుణ్ణి దేశానికి ఇచ్చిన నగరం అది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన జట్టు స్వర్ణం గెలిచింది ఆయన శిక్షణలోనే. అటువంటి నగరానికి ఆ లీగ్‌లో ఇప్పుడు జట్టు లేదు. క్రికెట్‌లోనూ ఇదే చూశాం. 2009లో ఐపీఎల్ గెలిచిన డెక్కన్ చార్జర్స్, యాజమాన్యం అప్పుల్లో కూరుకుపోయి, కోర్టు అడిగిన వంద కోట్ల బ్యాంకు గ్యారంటీ సమర్పించలేక, 2012లో కనుమరుగైంది. రెండు జట్లూ కప్పు గెలిచిన మూడేళ్లకే మనకు కాకుండా పోయాయి.

మన ఫుట్‌బాల్‌లో నిబంధనలు అసలే లేవని కాదు. ఆసియా సమాఖ్య లైసెన్సు ప్రమాణాల ప్రకారం బకాయిలు ఉండకూడదు, తనిఖీ అయిన లెక్కలు చూపాలి. ప్రమాణాలు అందుకోని క్లబ్బులకు మినహాయింపులు ఇచ్చి ఆడనివ్వడం మన అలవాటైపోయింది. ఇండియన్ సూపర్ లీగ్ పరిస్థితి కూడా అంతే. 2010లో 700 కోట్ల రూపాయలకు కుదిరిన పదిహేనేళ్ల వాణిజ్య హక్కుల ఒప్పందం ముగింపుకొస్తున్నా ప్రత్యామ్నాయం సిద్ధం చేసుకోక, 2025లో లీగ్ ఆగిపోయి, కొత్త టెండరుకు ఒక్కరూ ముందుకు రాని స్థితి దాపురించింది.

ఇంగ్లండు 2025లో చేసిన ఫుట్‌బాల్ పాలనా చట్టం ప్రకారం ఒక క్లబ్ తన మైదానాన్ని అమ్మాలన్నా, మరొక చోటికి తరలాలన్నా స్వతంత్ర నియంత్రణ సంస్థ అనుమతి తీసుకోవాలి. మనకు అంతటి చట్టం ఇప్పట్లో రాదని తెలుసు. కానీ విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియం గానీ, గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియం గానీ ప్రజల ఆస్తి. వాటిని ఏ ఆటకైనా, ఏ ప్రైవేటు జట్టుకైనా అప్పగించే రోజు వస్తే, ఒప్పందం రాసేది మన అధికారులే. ఆటగాళ్లతో పాటు మైదానం సిబ్బందికి కూడా ఒక సీజను జీతాలకు సరిపడా బ్యాంకు గ్యారంటీ ముందుగా తీసుకోవడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. స్పాన్సర్ సంస్థల్లో యజమానికి గానీ, అతని బంధువులకు గానీ వాటా ఉంటే ఏటా వెల్లడించాలని, గడువు ముగియకుండా జట్టును తరలిస్తే నగరానికి పరిహారం చెల్లించాలని రాయించడమూ కష్టం కాదు. కంపెనీల రిజిస్ట్రార్ వద్ద లెక్కలు రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చన్న మాట నిజమే అయినా, అవి వచ్చేసరికి సీజను అయిపోతుంది, జీతం రాని కుర్రవాడు అప్పటికే ఊరు విడిచిపోతాడు.

కాబట్టి క్రీడా ప్రాధికార సంస్థ, రెండు నగరపాలక సంస్థలు స్టేడియాల వినియోగానికి కుదుర్చుకునే ప్రతి ఒప్పందాన్నీ సంతకం చేయడానికి నెల రోజుల ముందే ప్రజల అభిప్రాయం కోసం ప్రకటించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అటువంటి ముసాయిదా వెలువడిన నాడు దానిని మీ జిల్లా పుటలో పూర్తిగా ప్రచురించవలసిందిగా మిమ్మల్నీ అభ్యర్థిస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆడిటర్,
బ్రాడీపేట, గుంటూరు