తొలి రాక్ ఆల్బమ్ నిధి: జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన వారికి, టికెట్లు కొన్న వారికి, సీడీలు తీసుకున్న వారికి సంఘం తరఫున నమస్కారం.

అజిత్‌సింగ్‌నగర్‌కు చెందిన మన గాయకుడి తొలి రాక్ ఆల్బమ్ కోసం 2025 సంక్రాంతి నుంచి మీ దగ్గర తీసుకున్న సొమ్ము ఎంత, అది ఎక్కడ ఖర్చయింది, ఎంత మిగిలింది అన్నది కింద ఉంది. ఎనిమిది పాటలూ విడుదలయ్యాయి. విజయవాడలో ఒకటి, గుంటూరులో ఒకటి చొప్పున ప్రదర్శనలు జరిగాయి. ఎవరికీ బాకీ లేదు. సంఘంలో లేని ఇద్దరు రసీదు పుస్తకాలనూ వోచర్లనూ బ్యాంకు పత్రంతో సరిచూసి సంతకాలు చేశారు. వారిలో ఒకరు పదవీ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగి.

జమ:
వ్యక్తిగత చందాలు – రూ. 2,86,500
ప్రదర్శనల టికెట్లు – రూ. 71,400
సీడీల అమ్మకం (240 సీడీలు, ఒక్కొక్కటి రూ. 250) – రూ. 60,000
ఇంటర్నెట్‌లో పాటలు వినిపించే సేవల నుంచి – రూ. 3,912
బ్యాంకు వడ్డీ – రూ. 1,188
మొత్తం జమ – రూ. 4,23,000
మొత్తం ఖర్చు – రూ. 4,18,500
నిల్వ – రూ. 4,500

బ్యాంకు పత్రాన్ని చూసేవారికి ఇందులో లేని ఒక పద్దు కనిపిస్తుంది. ఒక దాత నుంచి రూ. 50,000 ఖాతాలో పడింది, మరుసటి రోజే వెనక్కి వెళ్లింది. వరద మీద రాసిన పాటలో కాలువ గట్ల ఆక్రమణల గురించి ఒక చరణం ఉంది. అది తీసేయాలని, సీడీ అట్ట మీద తన వ్యాపారం పేరు వేయాలని ఆయన కోరారు. సంఘం సమావేశంలో ఈ విషయం మీద వాదన జరిగింది. అంత మొత్తం ఒకేసారి వస్తే స్టూడియో బెంగ తీరిపోతుందని కొందరు గట్టిగానే అన్నారు. చివరికి అందరం ఒప్పుకున్నది ఇది: డబ్బు ఇచ్చిన ప్రతి మనిషికీ లెక్క అడిగే హక్కు ఉంటుంది, పాటలో మాట మార్చే హక్కు ఉండదు. పదకొండు రూపాయలు ఇచ్చినవారికీ ఇదే వర్తిస్తుంది. ఆ సొమ్ము వచ్చినట్టే వెళ్లిపోయింది కాబట్టి జమలోనూ ఖర్చులోనూ చేర్చలేదు.

ఖర్చులోకి వస్తే, మొదటి పద్దు వరద నష్టమే. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌ను ముంచెత్తిన సంగతి ఈ నగరంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ మరునాడే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. ఆ బ్యారేజీ చరిత్రలో అంత ప్రవాహం ఎన్నడూ లేదు. బృందంలోని పిల్లలు సాధన చేసుకునే గది కింది అంతస్తులో ఉండేది. గిటార్లను పైకి చేర్చగలిగారు కానీ ఆంప్లిఫయర్, డ్రమ్ములు రోజుల తరబడి బురద నీళ్లలోనే ఉండిపోయాయి. ఆంప్లిఫయర్ మరమ్మతుకు రూ. 9,200, డ్రమ్ముల తోళ్లు, తుప్పు పట్టిన స్టాండ్లు, తాళపు పళ్లేలు మార్చడానికి రూ. 29,500, కలిపి రూ. 38,700 అయింది. కొత్తవి కొనాలంటే ఇంతకు ఎన్నో రెట్లు కావాలి. చెక్క ఉబ్బిన డ్రమ్ములను విప్పి, నీడలో ఆరబెట్టి, మళ్లీ బిగించిన వడ్రంగి తన కూలి తీసుకోలేదు. తన పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

సాధన గది అద్దె నాలుగు నెలలకు రూ. 24,000. స్టూడియోకు వెళ్లకముందే ఇంత ఖర్చు ఎందుకని ఒకరిద్దరు అడిగారు. స్టూడియోలో గడియారం తిరిగిన ప్రతి గంటకూ డబ్బు కట్టాలి. అక్కడికి వెళ్లి పాట నేర్చుకుంటే నిధి మొత్తం అక్కడే హరించుకుపోతుంది. ఈ విషయంలో మా ముందు ఒక పాత ఉదాహరణ ఉంది. ఇంగ్లండ్ రాక్ బృందం లెడ్ జెపెలిన్ తొలి ఆల్బమ్ 1968 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో లండన్‌లో సుమారు 36 గంటల స్టూడియో సమయంలో పూర్తయింది. 1,782 పౌండ్లు ఖర్చయిందని గిటారిస్టు జిమ్మీ పేజ్ చెప్పారు. అంతకు కొద్ది ముందే వాళ్లు స్కాండినేవియా దేశాల్లో ఆ పాటలను వేదికల మీద వాయించి గట్టిపరచుకుని వచ్చారు. పైగా ఆ సొమ్ము పేజ్, మేనేజరు పీటర్ గ్రాంట్ సొంతంగా పెట్టుకున్నారు. రికార్డు కంపెనీ దగ్గరకు వెళ్లేటప్పటికి టేపు పూర్తయి చేతిలో ఉంది, కాబట్టి పాటను ఇలా మార్చు, అలా కుదించు అని చెప్పే అవకాశం ఎవరికీ దక్కలేదు. మన నిధి వెనుక ఉన్న ఆలోచన కూడా అదే.

బృందమంతా కలిసి వాయించే భాగం హైదరాబాద్‌లో ఒక పెద్ద స్టూడియోలో జరిగింది. ఐదు రోజులకు రోజుకు రూ. 12,000 చొప్పున రూ. 60,000, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ. 10,800, మొత్తం రూ. 70,800. గాత్రం, అదనపు గిటార్ భాగాలు విజయవాడలోనే మొగల్రాజపురంలో ఒక చిన్న గదిలో 40 గంటలు, గంటకు రూ. 700 చొప్పున రూ. 28,000. హైదరాబాద్ రైలు చార్జీలు, సామాను రవాణా, భోజనాలు రూ. 14,350. బస బంధువుల ఇంట్లో కాబట్టి లాడ్జి ఖర్చు లేదు.

అన్నిటికంటే ఎక్కువమంది అడిగిన ప్రశ్న డ్రమ్ముల గురించే. కంప్యూటర్‌లో డ్రమ్ముల శబ్దాలు సిద్ధంగా దొరుకుతున్నాయి, వాటితో చేస్తే హైదరాబాద్ స్టూడియో, డ్రమ్మర్ వేతనం, తోళ్ల ఖర్చు అన్నీ మిగిలేవి కదా అని. నిజమే, లక్షకు పైగా మిగిలేది. అయినా మేం పూర్తి ఇష్టంతో ఈ ఖర్చుకు ఒప్పుకున్నాం. కారణం కాస్త వివరంగా చెప్పాలి.

ఆల్బమ్‌లో నాలుగో పాట గురజాడ రాసిన ముత్యాలసరాల నుంచి తీసుకున్నది. ఆ ఛందస్సులో పాదం మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలుగా నడుస్తుంది. అంటే మన తాళంలో మిశ్రగతి, 7 మాత్రల నడక. రాక్ డ్రమ్మర్ల చేతికి అలవాటైనది 4 దెబ్బల నడక. పాటను 4లోకి వంచితే తెలుగు మాట విరిగిపోతుంది, దీర్ఘం ఉండాల్సిన చోట హ్రస్వం వినబడుతుంది. అందుకని డ్రమ్మర్ 7లోనే వాయించాలని గాయకుడు పట్టుబట్టాడు. ఇద్దరు డప్పు కళాకారులను పిలిపించి, వారి ఎదురుగా డ్రమ్ములు పెట్టి, ఒకరినొకరు చూసుకుంటూ వాయించేలా ఏర్పాటు చేశారు. మొదటి చరణం నుంచి చివరి చరణానికి వేగం కొద్ది కొద్దిగా పెరుగుతుంది. అది ఎవరూ ముందు లెక్కవేసి పెంచింది కాదు, డప్పు వేడెక్కిన కొద్దీ డ్రమ్ములు దాన్ని అందుకున్నాయి. కంప్యూటర్ గళ్లలో దెబ్బలను ముందే పేర్చి ఉంచితే అలా అందుకోవడానికి అక్కడ ఎవరూ ఉండరు. పెద్ద గది కావాల్సింది కూడా ఇందుకే. కాలితో వాయించే పెద్ద కిక్ డ్రమ్ముకు ఒక మైకు, చురుకైన చప్పుడిచ్చే స్నేర్ డ్రమ్ముకు పైన ఒకటి, కింద ఒకటి, మిగతా డ్రమ్ములైన టామ్‌లకు విడివిడిగా, తాళపు పళ్లేలకు తల మీద రెండు, ఇవి కాక గది మోతను పట్టడానికి దూరంగా మరో రెండు పెట్టారు. ఆ దూరపు మైకుల వల్లే డప్పు మోత మీ ఇంట్లో కూడా అంత నిండుగా వినిపిస్తోంది. ఈ పాట విన్న తర్వాత డ్రమ్ముల ఖర్చు మీద మళ్లీ ఉత్తరం రాసినవారు లేరు.

వాద్యకారుల వేతనాలు: డ్రమ్మర్, బేస్ గిటారిస్టు, రెండో గిటారిస్టు, ఒక్కొక్కరికి రూ. 25,000 చొప్పున రూ. 75,000. డప్పు కళాకారులిద్దరికీ రూ. 6,000 చొప్పున రూ. 12,000. మొత్తం రూ. 87,000, ఇదే అన్నిటికంటే పెద్ద పద్దు. స్నేహితులే కదా, ఉచితంగా వాయించరా అన్న మాట మాకూ వినబడింది. డ్రమ్మర్ పగలంతా సరుకుల డెలివరీ చేసే యువకుడు. సాధనకు వచ్చిన ప్రతి పూటా అతని సంపాదనకు గండి పడింది. చందా ఇచ్చినవారి ఉదారత మీద నడిచే పని వాయించేవారి కడుపు మాడ్చి జరగకూడదని సంఘం మొదటి సమావేశంలోనే తీర్మానించింది.

ఎనిమిది పాటల మిక్సింగుకు, అంటే విడివిడిగా రికార్డయిన గొంతు, వాద్యాలను ఒక్కటిగా కలపడానికి రూ. 56,000, మాస్టరింగుకు, అంటే విడుదలకు ముందు ధ్వనిని చివరిగా సరిదిద్దడానికి రూ. 12,000.

సాహిత్య హక్కుల కింద ఖర్చు లేదు. 1915లో కన్నుమూసిన గురజాడ రచనలకు హక్కుల కాలం ఎప్పుడో ముగిసింది. శ్రీశ్రీ కవిత ఒకటి పాడాలన్న కోరిక గాయకుడికి బలంగా ఉండేది. ఆయన 1983లో మరణించారు, మన చట్టం ప్రకారం ఆ తర్వాత 60 ఏళ్లు, అంటే 2043 చివరి వరకు హక్కులు వారసులవి. అనుమతి, రుసుము అన్నీ కుదిరేసరికి ఆలస్యమవుతుందని ఆ ఆలోచన విరమించి, ఆ చోట తనే కొత్త పాట రాశాడు. మిగతా ఏడు పాటల సాహిత్యం, స్వరాలు అతనివే. రికార్డింగు మీద కూడా సంఘానికి ఏ వాటా లేదని రాతపూర్వకంగా ఇచ్చాం. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించిన తర్వాత గీత రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో వాటా పోకుండా రక్షణ వచ్చింది. ఆ సొమ్ము అతనికి చేరడానికి, రాయల్టీ వసూలు చేసి రచయితలకూ స్వరకర్తలకూ పంచే ఐపీఆర్ఎస్ అనే సంస్థ సభ్యత్వానికి దరఖాస్తు చేయించాం.

అట్ట బొమ్మకు రూ. 10,000, 300 సీడీల ముద్రణకు రూ. 19,500, పాటలను ఇంటర్నెట్ సేవలకు చేర్చే ఏడాది రుసుము రూ. 2,400. ప్రదర్శనల మందిరాలు, మైకులు, దీపాలకు కలిపి రూ. 52,600. రసీదు పుస్తకాలు, బ్యాంకు రుసుములు, జిరాక్సులు రూ. 3,150.

ఇక ఆల్బమ్‌ను జనం ఎలా స్వీకరించారన్నది. విజయవాడ ప్రదర్శనకు యువకులు నిండుగా వచ్చారు. గుంటూరు బ్రాడీపేటలో జనం తక్కువ, కానీ చివరి పాట దాకా ఎవరూ వెళ్లిపోలేదు. అక్కడ ఒక పెద్దాయన లేచి, హోరు ఎక్కువైంది, మాట వినబడడం లేదు, తెలుగులో పాడి ప్రయోజనం ఏమిటని అడిగారు. ఒక దినపత్రిక జిల్లా పేజీలో వచ్చిన చిన్న సమీక్ష కూడా మూడు, ఐదు పాటల్లో గాత్రం గిటార్ల కింద మునిగిందని రాసింది. గాయకుడు కావాలనే గొంతును వాద్యాల మధ్యలో ఉంచాడు. నా మటుకు నాకు ఐదో పాటలో అది బాగా కుదిరిందనిపిస్తుంది, మూడో పాటలో సమీక్షకుడితోనే ఏకీభవిస్తాను. ఏమైనా అది అతని నిర్ణయం, సంఘం కల్పించుకోలేదు. సీడీతో పాటు సాహిత్యం అచ్చువేసిన చిన్న పుస్తకం ఉంది. అది చూస్తూ వినమని కోరుతున్నాం.

సింగ్‌నగర్‌లో మాత్రం వేరు. వీధిలో చిన్న స్పీకరు పెట్టి వరద పాట వినిపించినప్పుడు, వరదప్పుడు మేడ మీద రాత్రంతా పిల్లలతో కూర్చున్న ఆడవాళ్లు మళ్లీ పెట్టమన్నారు. ఆక్రమణల చరణం వచ్చినప్పుడు చప్పట్లు కొట్టారు. ఆ చరణం కోసమే రూ. 50,000 వదులుకున్నామని అక్కడ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు అందరికీ తెలియాలనే రాస్తున్నాను.

ఇంటర్నెట్ ఆదాయం రూ. 3,912 అని చూసి కొందరు దిగులుపడ్డారు. పాట కనీసం 30 సెకన్లు వింటేనే ఒక శ్రవణంగా లెక్కిస్తారు. అంతేకాక ఒక పెద్ద సేవ 2024 నుంచి, ఏడాదిలో 1,000 శ్రవణాలు దాటని పాటకు ఏమీ చెల్లించడం లేదు. మన ఎనిమిదిలో మూడు పాటలు ఇంకా ఆ గీత కిందే ఉన్నాయి. వరద పాట మొదట్లో వాన, డప్పు తప్ప మాట లేకుండా 40 సెకన్లు నడుస్తుంది. జనం ఓపిక పట్టరు, కుదించమని సలహాలొచ్చాయి. అతను కుదించలేదు, మేమూ అడగలేదు.

ఆదాయం చూసి ఆల్బమ్ విలువ కట్టవద్దని మనవి. కోల్‌కతాలో మొహీనేర్ ఘొరాగులి అనే రాక్ బృందం 1977లో బెంగాలీలో తొలి రికార్డు తెచ్చినప్పుడు పట్టించుకున్నవారు కొద్దిమందే. 1990లలో కొత్త తరం ఆ పాటలను నెత్తిన పెట్టుకుంది. లెడ్ జెపెలిన్ తొలి ఆల్బమ్‌ను 1969లో అమెరికా సంగీత పత్రిక రోలింగ్ స్టోన్ చీల్చి చెండాడింది. మన పాటలకు ఏ రోజు వస్తుందో మేం చెప్పలేం, కానీ రికార్డింగు చెడకుండా భద్రంగా ఉండాలి. అందుకని పాటల మూల ఫైళ్లను మూడు వేర్వేరు చోట్ల దాచాం.

చివరిగా ఒక మాట. ఖర్చుల్లో గాయకుడి పేరున పారితోషికం లేదు. అందరికీ ఇచ్చాకే తనకు అన్నాడు, అందరికీ ఇచ్చేసరికి నిధి అయిపోయింది. ఇది సంఘానికి బాధగానే ఉంది. 300 సీడీల్లో అమ్మినవి 240, గ్రంథాలయాలకు, ఆకాశవాణికి, పత్రికలకు ఉచితంగా పంపినవి 22, మిగిలినవి 38. ఆ 38 సీడీలూ, నిల్వ ఉన్న రూ. 4,500, ఇకపై వచ్చే ఇంటర్నెట్ ఆదాయం మొత్తం అతనికే చెందాలని తీర్మానించాం. దీనికి అభ్యంతరం ఉన్న చందాదారులు ఈ నెలాఖరులోగా రాతపూర్వకంగా తెలియజేయండి. అభ్యంతరాలు లేకపోతే వచ్చే నెల మొదటి వారంలో సొమ్ము అప్పగించి బ్యాంకు ఖాతా మూసేస్తాం. వోచర్లు, రసీదు పుస్తకాలు నెలాఖరు దాకా ఆదివారాల్లో సాధన గదిలో చూడవచ్చు. రసీదు నంబరు చెబితే మీ చందా పద్దు చూపిస్తాం.

సంఘం తరఫున,
కోశాధికారి
విజయవాడ