ఇత్తడి పరికరాలను తూకానికి వేయొద్దు

సంపాదకులకు,

మా బరంపురంలో ఒక పాత కళాశాల ఫిజిక్స్ ల్యాబులోని పరికరాలను కిలోల లెక్కన పాత సామాన్లవాళ్లకు ఇచ్చేయబోతున్నారు. మా ఊరున్న గంజాం జిల్లా 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఇలాంటి పాత పరికరాలు ఇంకెన్ని ల్యాబుల మూలల్లో మగ్గుతున్నాయో!

ఆ కుప్పలో టాంజెంట్ గాల్వనోమీటరు చూశాను. నిలువు వలయానికి చుట్టిన రాగి తీగ, మధ్యలో దిక్సూచి. వలయాన్ని ఉత్తర దక్షిణాలకు సరిపెట్టి కరెంటు పంపితే, ముల్లు తిరిగిన కోణపు టాంజెంటును బట్టి కరెంటెంతో తేలుతుంది. భూమి అయస్కాంతత్వమే దానికి కొలబద్ద. దగ్గర్లో ఇనుప బల్ల ఉన్నా ముల్లు తప్పు చెబుతుంది. డిజిటల్ మీటరు అంకె చూపిస్తుంది గానీ ఇదంతా చూపించదు కదా. పక్కనే స్థిర విద్యుత్తు పుట్టించే, 1880ల నాటి రూపకల్పన అయిన విమ్స్‌హర్స్ట్ యంత్రం. గాజు పళ్లేలు ఎదురెదురుగా తిరిగితే గుండ్ల మధ్య చిటపటమని నిప్పురవ్వలు! మన సముద్రపు గాలి చెమ్మకు మొరాయిస్తుందనుకోండి, అదీ ఒక పాఠమే.

దయచేసి ఆ అమ్మకం ఆపండి. మెరవాలని చింతపండుతో తోమకండి, పైపూత పోతుంది. పాత బారోమీటర్లలో పాదరసం ఉంటుంది, పిల్లలతో మోయించకండి. వీటిని దాచి చూపించడానికి ఒక అద్దాల బీరువా, పేర్లు రాసిన ఒడియా, తెలుగు చీటీలు చాలు.

– రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్, బరంపురం, ఒడిశా