రౌటర్‌ను టీవీ వెనక దాచకండి

సంపాదకులకు,

పడగ్గదిలో వైఫై అందడం లేదని చాలామంది ఖరీదైన ప్లాన్‌కు మారుతున్నారు. ఆ డబ్బు దండగ. లోపం ఎక్కువగా రౌటర్ పెట్టిన చోటే ఉంటుంది. టీవీ వెనక, ఇనుప బీరువా పక్కన పెడితే సిగ్నల్ అక్కడే చచ్చిపోతుంది. ఇంటి మధ్యలో, ఐదడుగుల ఎత్తున, యాంటెనాలు నిలువుగా ఉంచాలి.

వైఫై తరంగాల్లో 5 గిగాహెర్ట్జ్ రకం వేగమైనదే గానీ, 9 అంగుళాల ఇటుక గోడలు రెండు దాటేసరికి నీరసిస్తుంది, అక్కడ 2.4 గిగాహెర్ట్జ్ రకం మేలు. అపార్ట్‌మెంట్లలో 2.4 మీద పక్కిళ్ల రౌటర్ల రద్దీ ఉంటుంది కాబట్టి రౌటర్ సెట్టింగుల్లో 1, 6, 11 ఛానళ్లలో (తరంగాల దారుల్లో) ఖాళీగా ఉన్నది ఎంచుకుని, ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కు తగ్గించండి.

సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంచే రిపీటర్‌ను సిగ్నల్ లేని గదిలోనే బిగిస్తుంటారు. దానికే అందనిది అదేం పంచుతుంది? సగం దారిలో పెట్టాలి.

ఇల్లు కట్టేవారు కరెంటు వైర్లతో కలపకుండా విడి పైపులో క్యాట్‌6 కేబుల్ (గదులకు ఇంటర్నెట్ చేర్చే తీగ) ఇప్పుడే వేయించుకోండి.

— ఒక నెట్‌వర్క్ టెక్నీషియన్, విజయవాడ